ఊపిరి, ఉసురు, శ్వాస, ప్రాణం, దమ్ము: ఏ మాట ఎక్కడిది? ఉచ్ఛ్వాస లోపలికా, బయటికా?

ప్రూఫుల_బల్ల (#1)
యోగా మీద ఒక తెలుగు పుస్తకం ప్రూఫులు దిద్దుతున్నాను. అందులో ఒకే మాట నాలుగు రకాలుగా పడింది: ఉచ్ఛ్వాస, ఉచ్చ్వాస, ఉఛ్వాస, ఉశ్వాస. ఏది ఉంచాలి? అంతకంటే పెద్ద చిక్కు ఇంకోటి ఉంది. ఒక అధ్యాయంలో ఉచ్ఛ్వాస అంటే గాలి పీల్చడం, ఇంకో అధ్యాయంలో విడవడం. రచయిత ఒక్కరే. ఊపిరి, శ్వాస, శ్వాసక్రియ, ప్రాణం కూడా ఒకదాని బదులు ఒకటి వాడేశారు. వీటి పుట్టుపూర్వోత్తరాలు తెలిసినవారు కాస్త విడమరిచి చెబితే దిద్దుబాటుకు ఒక దారి దొరుకుతుంది.

లక్షణరేఖ (#2)
వర్ణక్రమం వరకు నేను చెబుతాను. ధాతువు 'శ్వస్'. ధాతుపాఠంలో (సంస్కృత ధాతువుల పట్టికలో) 'శ్వస ప్రాణనే' అని ఉంది, ఊపిరి తీయడమనే అర్థం. దానికి ముందు 'ఉద్' ఉపసర్గ చేరింది. ఉద్ చివరి దకారం శకారం పక్కన పడి చవర్గంలోకి మారుతుంది (పాణిని సూత్రం: స్తోః శ్చునా శ్చుః, అష్టాధ్యాయి 8.4.40). శకారం నాదం లేని హల్లు, దాని ముందు కాబట్టి చ్ అవుతుంది. ఆ తర్వాత శకారం ఛకారమవుతుంది (శశ్ఛోఽటి, 8.4.63). ఫలితం చ్ + ఛ్ + వా, అంటే ఉచ్ఛ్వాస. ఉద్ + శిష్టం = ఉచ్ఛిష్టం కూడా ఇదే దారిలో వచ్చింది. అది గుర్తుంటే ఇది తప్పదు.

'ఉచ్చ్వాస'లో రెండో మార్పు జరగలేదు. 'ఉఛ్వాస'లో మొదటి చకారం ఎగిరిపోయింది. 'ఉశ్వాస' అసలు మాటే కాదు. దీనికి తలకిందులుగా జరిగే తప్పు కూడా ఒకటుంది: 'ఉచ్ఛస్థితి' అని ఒత్తు పెట్టి రాస్తారు. అక్కడున్నది 'ఉచ్చ' అనే వేరే మాట, ఒత్తు అక్కర్లేదు.

ఇక దీని జంట మాట నిశ్వాస. నిర్ + శ్వాస అయితే నిఃశ్వాస లేదా నిశ్శ్వాస, రెండూ సాధువులే (వా శరి, 8.3.36). నిశ్శబ్దం, నిశ్శంక లాగానే. కాకపోతే ఇక్కడ శ్ శ్ వ్ మూడూ గుత్తిగా పడేసరికి పలకడం కష్టమై, తెలుగులో 'నిశ్వాస' స్థిరపడింది. పాఠ్యపుస్తకాల్లో ఉన్నదీ అదే. దాన్ని దిద్దకండి.

కీబోర్డు_కిట్టు (#3)
టైపు చేసేవాళ్లకి వరుస: ఉ, చ, పొల్లు, ఛ, పొల్లు, వ, ఆకారం, స. చ కింద ఛ వత్తు, దాని కింద వ వత్తు రావాలి. కొన్ని పాత ఫాంట్లలో మూడో వత్తు పక్కకి జారిపోయి వేరే అక్షరంలా కనిపిస్తుంది. అది ఫాంటు లోపం, మాటని ముట్టుకోవద్దు. పీడీఎఫ్ తీసేముందు ఫాంటు మార్చి చూడండి.

చరకపాఠి (#4)
దిక్కు సంగతి. ప్రూఫుల_బల్ల గారూ, మీ రచయిత రెండు సంప్రదాయాల్ని కలిపేసినట్టున్నారు. ఇప్పటి తెలుగు వాడుకలో ఉచ్ఛ్వాస అంటే పీల్చడం, నిశ్వాస అంటే విడవడం. ఇందులో సందేహం లేదు. కానీ సంస్కృత నిఘంటువులు చూస్తే ఉచ్ఛ్వాసకి ఊపిరి విడవడం, లోతుగా పీల్చడం, నిట్టూర్పు, అన్నీ ఉంటాయి.

ఇలా ఎందుకైందంటే, 'ఉద్' అంటే పైకి. ఆ 'పైకి' అన్నదాన్ని రెండు రకాలుగా ఊహించుకోవచ్చు. గాలి నిండితే ఛాతీ పైకి లేస్తుంది, కాబట్టి పైకి అంటే పీల్చడం. లేదా లోపలి గాలి కింద నుంచి పైకి వచ్చి ముక్కులోంచి పోతుంది, కాబట్టి పైకి అంటే విడవడం. వైద్యగ్రంథాల్లో రెండో ఊహ గట్టిగా కనిపిస్తుంది. చరకసంహిత చికిత్సాస్థానం 17వ అధ్యాయంలో ఊర్ధ్వశ్వాస లక్షణం చూడండి: 'దీర్ఘం శ్వసితి యస్తూర్ధ్వం న చ ప్రత్యాహరత్యధః'. రోగి పైకి పొడుగ్గా ఊపిరి వదులుతాడు, మళ్లీ కిందికి తీసుకోలేడు. ఇక్కడ పైకి అంటే బయటికి, కిందికి అంటే లోపలికి. మన ఊళ్లలో చివరి ఘడియల్లో ఉన్నవాళ్లకి 'ఎగశ్వాస పెట్టింది' అనడంలో ఉన్న 'ఎగ' కూడా పైకి అనే అర్థంలోదే.

బయో_పంతులు (#5)
> వైద్యగ్రంథాల్లో రెండో ఊహ గట్టిగా కనిపిస్తుంది

ఒప్పుకుంటాను చరకపాఠి గారూ. కానీ ఈ పుస్తకం చదివేది బడిలో చదువుకున్న పాఠకులు. వాళ్లకి ఉచ్ఛ్వాసలో ఉదరవితానం కిందికి దిగుతుంది, పక్కటెముకలు పైకీ బయటికీ జరుగుతాయి, గాలి లోపలికి వస్తుంది. నిశ్వాసలో ఇవన్నీ తిరగబడతాయి. ఇప్పుడు దీన్ని మారిస్తే ఆసనాల సూచనలన్నీ తలకిందులవుతాయి. ముందుకు వంగేటప్పుడు విడవమన్న చోట పీల్చి కూర్చుంటారు.

లక్షణరేఖ (#6)
నిశ్వాస విషయంలో మాత్రం పాత ఆధారం పంతులుగారి వైపే ఉంది. బృహదారణ్యక ఉపనిషత్తులో (2.4.10) తడి కట్టెల మంట నుంచి పొగలు నలువైపులా వెళ్లినట్టు వేదాలు ఆ మహద్భూతం (పరబ్రహ్మం) 'నిఃశ్వసితం', అంటే విడిచిన ఊపిరి, అంటారు. పొగ బయటికే పోతుంది కదా.

యోగా పుస్తకం అంటున్నారు కాబట్టి అందులో శ్వాస, ప్రశ్వాస అన్న జంట కూడా తగులుతుంది. యోగసూత్రం 2.49లో ప్రాణాయామ నిర్వచనం 'శ్వాసప్రశ్వాసయోర్గతివిచ్ఛేదః', అంటే శ్వాస, ప్రశ్వాసల నడకను ఆపడం. ఆ సూత్రాలకు వ్యాఖ్య అయిన వ్యాసభాష్యం దీన్ని తేల్చి చెప్పింది: బయటి గాలిని లోపలికి తీసుకోవడం శ్వాస, కోష్ఠంలోని (ఒంటి లోపలి) గాలిని బయటికి పంపడం ప్రశ్వాస. అంటే అక్కడ 'శ్వాస' ఒక్కటే పీల్చడమనే సగం అర్థానికి పరిమితం. మామూలు తెలుగులో శ్వాస అంటే రెండు వైపులా కలిపి. సూత్రానికి అర్థం రాసేచోట ఈ తేడా చెప్పకపోతే వాక్యం పొసగదు.

ప్రాణం, అపానం ఇంకా మెలికపడ్డవి. ధాతువు 'అన్', ఇదీ ఊపిరి తీయడమే. ప్ర, అప, వి, ఉద్, సమ్ చేరి ప్రాణ, అపాన, వ్యాన, ఉదాన, సమానాలయ్యాయి. తర్వాతి శాస్త్రాల్లో అపానమంటే నాభి కింద ఉండే వాయువు. ఛాందోగ్య ఉపనిషత్తులో (1.3.3) 'యద్వై ప్రాణితి స ప్రాణః, యదపానితి సోఽపానః' అన్నచోట శంకరులు చెప్పిన అర్థం వేరు: ముక్కు, నోటి గుండా గాలిని బయటికి పంపడం ప్రాణం, వాటి గుండానే లోపలికి లాగడం అపానం. 'ప్ర' అంటే ముందుకు. ముందుకు పోయే గాలి ప్రాణమన్నమాట. ప్రాణమంటే పీల్చే గాలి అనుకుని చదివితే ఈ వాక్యం తిరగబడుతుంది.

ప్రూఫుల_బల్ల (#7)
అయితే సూచనల్లో ఉచ్ఛ్వాస, నిశ్వాస తీసేసి పూరకం, రేచకం పెట్టమంటారా?

లక్షణరేఖ (#8)
అభ్యాసం చెప్పేచోట 'పీల్చండి, వదలండి' చాలు. అంతకంటే స్పష్టమైనవి లేవు. పూరకం (నింపడం), రేచకం (ఖాళీ చేయడం), కుంభకం (నిలపడం) ప్రాణాయామ అధ్యాయానికి ఉంచండి. వీటికి దిక్కు విషయంలో గొడవే లేదు. శ్లోకాలూ సూత్రాలూ ఉటంకించిన చోట మూలంలోని మాట ముట్టుకోకుండా, కింద తెలుగులో దిక్కు చెప్పండి.

వేరుపురుగు (#9)
సంస్కృతం అయింది కదా, ఇక అచ్చ తెలుగు మాటల దగ్గరికి వద్దాం.

ఉసురుతో మొదలుపెడదాం, దీని చుట్టరికం తేటగా ఉంది. తమిళం, మలయాళంలో ఉయిర్, కన్నడంలో ఉసిర్/ఉసిరు, తెలుగులో ఉసురు. అర్థం ఊపిరి, ప్రాణం. తమిళ యకారానికి కన్నడ, తెలుగుల్లో సకారం ఉండటం ఈ ఒక్క మాటలోనే కాదు. తమిళ పయఱు, కన్నడ హెసరు, తెలుగు పెసలు. తమిళ వయిఱు (కడుపు), కన్నడ బసిరు (గర్భం). ఒకే మార్పు వరసగా కనిపిస్తే అది కాకతాళీయం కాదు.

ఇప్పుడు ఊర్పు, ఊర్చు. ఇవీ అదే కుటుంబం. ఉయిర్‌లోని యకారం కరిగిపోయి రెండు అచ్చులు కలిసి దీర్ఘమైంది. తమిళ పెయర్ తెలుగులో పేరు అయింది చూడండి, అదే పద్ధతి. కన్నడంలో అదే మాట సకారంతో హెసరు. అంటే తెలుగు ఒక చోట సకారపు దారి పట్టింది (ఉసురు), ఇంకో చోట దీర్ఘం దారి పట్టింది (ఊర్పు). రెండు రూపాలూ పక్కపక్కనే బతికాయి.

విశేషమేమిటంటే బాలవ్యాకరణంలో ద్విరుక్తటకార సంధికి చిన్నయసూరి ఇచ్చిన ఉదాహరణల్లో ఈ అన్నదమ్ములిద్దరూ ఉన్నారు. కుఱు + ఉసురు = కుట్టుసురు, నిడు + ఊర్పు = నిట్టూర్పు. ఒకటి పొట్టి ఊపిరి, ఇంకోటి పొడుగు ఊపిరి. పొట్టిది వాడుకలోంచి పోయింది, పొడుగుది రోజూ వింటున్నాం.

ఆంధ్రాభిమాని (#10)
ఊపిరి 'ఊపు' నుంచి వచ్చింది. ఛాతీని ఊపుతుంది కాబట్టి ఊపిరి. ఇంత తేలికైన దానికి తమిళం దాకా ఎందుకండీ?

వేరుపురుగు (#11)
ధ్వని కలిసినంత మాత్రాన వ్యుత్పత్తి కాదండీ. 'ఊపు' నుంచి తీయాలంటే రెండు చూపించాలి. ఒకటి, చివరి '-ఇరి' ఇలాగే ఇంకొన్ని క్రియలకు చేరి నామవాచకాలు చేసిందని. రెండు, ఊపడం అన్న అర్థం నుంచి ఊపిరి అన్న అర్థానికి వచ్చిన మధ్య మెట్టు ఏదైనా పాత ప్రయోగంలో ఉందని. ఈ రెండూ లేకుండా చెప్పేది జనవ్యుత్పత్తి. ఉసురుకి అలా కాదు, మూడు భాషల్లో జోడు, అర్థం ఒకటే, ధ్వని మార్పుకి వేరే సాక్షులు. తేడా అక్కడుంది.

ఊపిరి దేశ్యమన్నది మాత్రం ఖాయం. అది కట్టిన సమాసమే చూడండి: ఊపిరి + తిత్తి. తిత్తి అంటే తోలు సంచి, కొలిమి తిత్తిలోది అదే. నొక్కితే గాలి వదులుతుంది, విప్పితే పీల్చుకుంటుంది. ఊపిరితిత్తి అన్న మాటలోనే అవయవం పని చేసే తీరు ఉంది. ('తిత్తి తీస్తా' అని బెదిరించేవాళ్లు ఏ తిత్తో ఎప్పుడూ చెప్పరు.)

దక్కన్_పలుకు (#12)
దమ్మును మర్చిపోయిన్రు. తెలంగాణల రోజూ నోట్లె ఉండే మాట. 'జర దమ్ము తీస్కో' అంటే కొంచెం ఆగి ఊపిరి పీల్చుకోమని. 'మెట్లెక్కితే దమ్మొస్తున్నది' అంటే ఆయాసం. దమ్ము రోగం అంటే ఉబ్బసం. 'దమ్ముంటే రా' అంటే ధైర్యం. బీడీ 'దమ్ము గుంజుడు'. ఇదంత ఫార్సీ 'దమ్', అంటే ఊపిరి. ఉర్దూ మీదికెళ్లి వచ్చింది. 'ఏక్‌దమ్' అంటే ఒక్క ఊపిరిల, అందుకే 'వెంటనే' అయింది.

బిర్యానీ దమ్ము గూడ ఇదే. గిన్నె మూత అంచుకు తడిపిన పిండి పెట్టి మూస్తరు, కింద సన్న సెగ, మూత మీద నిప్పులు. లోపలి ఆవిరి బయటికి పోకుండ దాంతోనే ఉడకాలె. పిండి కట్టు ఎక్కడన్న పగిలితే ఆవిరి పోతది, పైబియ్యం పలుకు మీదనే ఉంటది, కింద మాడుతది. ఫార్సీల 'దమ్‌పుఖ్త్', ఊపిరితోని వండింది.

డెల్టా_రైతు (#13)
మా కోస్తాలో దమ్ము అంటే వేరేనండి. నాట్లకి ముందు చేలో నీళ్లు పెట్టి బురదగా కలియదున్నడం దమ్ము చేయడం. ట్రాక్టరుకి దమ్ము చక్రాలు వేస్తారు. దీన్ని ఊపిరితో ముడిపెట్టి 'నేలకి ఊపిరి పోయడం' అని రాసినవాళ్లున్నారు. నిజానికి దమ్ములో జరిగేది తిరగబడి ఉంటుంది: మట్టి సందుల్లో గాలి పోయి నీరు నిలుస్తుంది. ఇంకిపోకుండా ఉండాలనే చేసేది.

బయో_పంతులు (#14)
మొదటి ప్రశ్నలో ఒకటి మిగిలిపోయింది, శ్వాస వేరు, శ్వాసక్రియ వేరు. గాలి లోపలికీ బయటికీ పోవడం శ్వాసించడం. శ్వాసక్రియ అంటే ఆహారం నుంచి శక్తి విడుదలయ్యే మొత్తం ప్రక్రియ, దాని అసలు పని కణంలో జరుగుతుంది. మాటలో 'శ్వాస' ఉండటం వల్ల 'కణశ్వాసక్రియ అంటే కణం గాలి పీల్చుకోవడం' అని పిల్లలు రాస్తారు. 'రోగికి శ్వాసక్రియ ఆగిపోయింది' అని వార్తల్లో రాసేదీ తప్పే. ఆగింది శ్వాస. కణాల్లో ఆక్సిజన్ అయిపోయేదాకా రెండోది కాసేపు నడుస్తూనే ఉంటుంది.

లెక్కలు పుస్తకంలో కావాలంటే ఇవి వేసుకోండి: పీల్చే గాలిలో ఆక్సిజన్ సుమారు 21 శాతం, వదిలేదాంట్లో సుమారు 16. కార్బన్ డయాక్సైడ్ 0.04 నుంచి సుమారు 4 శాతానికి పెరుగుతుంది. విశ్రాంతిగా ఉన్న పెద్దవాళ్లు నిమిషానికి 12 నుంచి 20 సార్లు, ఒక్కోసారికి దాదాపు అర లీటరు పీలుస్తారు. 'ఆక్సిజన్ పీల్చి కార్బన్ డయాక్సైడ్ వదులుతాం' అన్న వాక్యం విని వదిలే గాలిలో ఆక్సిజన్ ఉండదనుకుంటారు. ఉంటుంది, అందుకే నోటితో కృత్రిమ శ్వాస ఇస్తే పనిచేస్తుంది.

ముక్కూ ఊపిరితిత్తీ లేనిదానికి శ్వాసక్రియ ఉందని చూపడానికి వేరుపురుగు గారి పెసలే చాలు. పెసలు రాత్రంతా నానబెట్టి, గుడ్డలో కట్టి మొలకలు రానివ్వాలి. వాటిని థర్మాస్ ఫ్లాస్కులో సగానికి పైగా నింపి, థర్మామీటరు బల్బు గింజల మధ్యకి దింపి, మూతి దూదితో వదులుగా మూయాలి. రెండో ఫ్లాస్కులో ఉడికించి చల్లార్చిన పెసలు. మర్నాటికి మొదటిదాంట్లో వేడి పెరుగుతుంది. ఉడికించినవి రెండు రోజులు వదిలేస్తే అందులోనూ వేడి పుడుతుంది, అప్పుడు శ్వాసిస్తున్నది గింజ కాదు, పట్టిన బూజు. అందుకే వాటిని ముందు క్రిమినాశినితో కడగాలి.

సున్నపు తేట పరీక్షలోనూ ఒక పొరపాటు జరుగుతుంది. కార్బన్ డయాక్సైడ్ తగిలితే తేట పాలలా అవుతుంది. కానీ గొట్టంతో ఊదుతూనే ఉంటే మళ్లీ తేరుకుంటుంది, తెల్లటి కార్బనేటు కరిగిపోయే బైకార్బనేటుగా మారుతుంది కాబట్టి. చివర్లో చూసినవాళ్లు 'ఏమీ మారలేదు' అని రాసేస్తారు.

ఘడియారం (#15)
ప్రాణం కాలమానం కూడా. సూర్యసిద్ధాంతం అనే పాత ఖగోళ గ్రంథంలో 6 ప్రాణాలు ఒక విఘడియ, 60 విఘడియలు ఒక ఘడియ, 60 ఘడియలు ఒక రోజు. ఘడియ 24 నిమిషాలు, విఘడియ 24 సెకన్లు, ప్రాణం 4 సెకన్లు. పది గురు అక్షరాలు పలికేంత సేపు అని కూడా దీనికి కొలత చెప్పారు. రోజుకి 6 × 60 × 60 = 21,600 ప్రాణాలు. యోగగ్రంథాల్లో రోజుకి 21,600 శ్వాసలు, హంస జపం అంటారే, ఆ అంకె ఇదే. నిమిషానికి 15 పడుతుంది, పంతులుగారు చెప్పిన 12-20 మధ్యలోనే.

వృత్తానికి 360 అంశలు, అంశకి 60 కళలు. మొత్తం 21,600 కళలు! ఆర్యభటుడు ఒక ప్రాణ కాలంలో భూమి ఒక కళ తిరుగుతుందని లెక్క కట్టింది అందుకే. అంకె ఎవరో ముక్కు దగ్గర కూర్చుని లెక్కపెట్టి తెచ్చింది కాదు, ఖగోళపు లెక్కకి సరిపోయేలా ఊపిరిని కొలతగా తీసుకున్నారు. యోగా పుస్తకంలో దీన్ని 'మనిషి కచ్చితంగా రోజుకి ఇన్నిసార్లు ఊపిరి తీస్తాడు' అని వేయకండి.

చరకపాఠి (#16)
ఆయాసం మాట వచ్చింది కాబట్టి. సంస్కృతంలో ఆయాసమంటే శ్రమ, ప్రయాసకి చుట్టం. 'అనాయాసంగా' అన్నప్పుడు ఆ పాత అర్థమే ఉంది, శ్రమ లేకుండా అని. తెలుగులో శ్రమ వల్ల వచ్చే ఊపిరి ఇబ్బందికి పేరైపోయింది. చరకంలో 'శ్వాస' రోగం పేరు కూడా: మహా, ఊర్ధ్వ, ఛిన్న, తమక, క్షుద్ర అని ఐదు. ఉబ్బసానికి దగ్గరగా ఉండేది తమకశ్వాస. కాబట్టి ఆయుర్వేద అనువాదంలో 'శ్వాసకు మందు' అంటే ఊపిరికి మందు కాదు, ఆ రోగానికి.

లక్షణరేఖ (#17)
శ్వస్ బిడ్డలు మరికొందరు: విశ్వాసం, ఆశ్వాసం. ఆశ్వసించడమంటే ఊపిరి తిరిగి తెచ్చుకోవడం, ఊరట పొందడం. కావ్యంలో కథ ఆగి సేదతీరే చోటు ఆశ్వాసం, మనుచరిత్రలో ఆరు ఉన్నాయి. బాణుడి హర్షచరిత్రలో అధ్యాయాల పేరు ఉచ్ఛ్వాసాలు, ఎనిమిది. ముందుమాటలో అది ఉటంకిస్తే దిక్కు గొడవ అక్కర్లేదు!

వేరుపురుగు (#18)
ఒకటి జత చేస్తాను. తమిళ వ్యాకరణంలో అచ్చులు 'ఉయిర్' అక్షరాలు, హల్లులు 'మెయ్', అంటే ఒళ్లు. మన పాత లక్షణ గ్రంథాల్లో అచ్చులు ప్రాణాలు, హల్లులు ప్రాణులు. రెండు చోట్లా ఊహ ఒకటే. అల్పప్రాణం, మహాప్రాణంలో మాత్రం ప్రాణమంటే అచ్చంగా గాలి. నోటి ముందు సన్న కాగితం పట్టుకుని క, ఖ పలికితే ఖ దగ్గర కాగితం కదులుతుంది.

ప్రూఫుల_బల్ల (#19)
చాలా ఉపయోగపడింది. చివరిగా, 'ఊపిరి సలపడం లేదు' అన్నచోట రచయిత 'ఊపిరి సలుపుతోంది' అని కూడా రాశారు. నొప్పి అనే అర్థంలోనా?

లక్షణరేఖ (#20)
పుండు సలపడం, తల సలపడం నొప్పి. ఊపిరి సలపడంలో సలుపు అంటే జరుపు, సాగించు. 'పోరు సలిపారు'లో ఉన్నది అదే. ఊపిరితో చేరినప్పుడు ఇది దాదాపు ఎప్పుడూ వ్యతిరేకంలోనే వస్తుంది: సలపక, సలపడం లేదు, సలపనివ్వడం లేదు. 'ఊపిరి సలుపుతోంది' అంటే ఛాతీలో నొప్పి అనుకునే ప్రమాదం ఉంది, 'ఊపిరి ఆడుతోంది' అని మార్చండి. ఊపిరి + ఆడు కలిపి రాస్తే 'ఊపిరాడు', ఇకారం లోపిస్తుంది. 'ఊపిరియాడు' అని యడాగమం పెట్టి ఎక్కడైనా పడి ఉంటే అదీ తీసేయండి.